గోడ మీద రాసిన మాట ఫైల్‌లో కనిపిస్తుందా: ఎడ్మంటన్‌లో మేం వెళ్ళే ఫ్యామిలీ సపోర్ట్ సంస్థ గురించి

మా బాబుకి ఏడేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ, శబ్దం గానీ వాసన గానీ ఎక్కువైతే తట్టుకోలేడు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఇలాంటి పిల్లలున్న కుటుంబాలకి సాయం చేసే ఒక సంస్థకి ఏడాదిన్నరగా వెళ్తున్నాం. స్కూల్ వాళ్ళే ఆ నంబర్ ఇచ్చారు. ప్రభుత్వ అప్లికేషన్లు నింపి పెట్టడం, వారానికి కొన్ని గంటలు బాబుని చూసుకోవడానికి మనిషిని పంపడం, ఇంటికి వచ్చి మాట్లాడే సపోర్ట్ వర్కర్, గురువారం గురువారం అమ్మానాన్నల గ్రూప్, ఇవీ వాళ్ళు చేసే పనులు. డబ్బులు తీసుకోరు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే లోపాలు కూడా చెప్పబోతున్నాను, అదీ కాక అక్కడికి వచ్చే మిగతా కుటుంబాల గుట్టు నాకు ముఖ్యం.

మామూలు విషయాలు ముందు చెప్పేస్తాను. ఫోన్ చేస్తే మనిషే ఎత్తుతారు. వెయిటింగ్ లిస్ట్ మాత్రం ఉంది, మాకు మనిషి దొరకడానికి ఐదు నెలలు పట్టింది. బస్‌స్టాప్ దగ్గరే. చలికాలంలో పార్కింగ్ కష్టం. హిందీ, పంజాబీ మాట్లాడే వాళ్ళున్నారు, తెలుగు మాట్లాడే వాళ్ళు లేరు కానీ అడిగితే ఫోన్‌లో దుబాసీని పెట్టారు, మా అత్తయ్యకి అది చాలా ఉపయోగపడింది. వర్కర్లు ఓపికమంతులు. ఇంతవరకు ఎవరైనా రాసేదే. నేను రాయాలనుకున్నది ఇంకొకటి.

ఆఫీసులోకి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక ప్రకటన ఉంటుంది. ఇది ట్రీటీ 6 భూమి, ఇక్కడి మూలవాసులతో రికన్సిలియేషన్‌కి మా సంస్థ కట్టుబడి ఉంది, అని. ట్రీటీ 6 అంటే 1876లో ఇక్కడి ఆదివాసులకీ ప్రభుత్వానికీ జరిగిన భూమి ఒప్పందం. రికన్సిలియేషన్ అంటే వాళ్ళకి చేసిన తప్పు దిద్దుకుని సంబంధం బాగుచేసుకోవడం. కెనడాలో ఉండేవాళ్ళకి ఇది కొత్త కాదు. స్కూల్ మీటింగ్‌లో చదువుతారు, లైబ్రరీలో రాసి ఉంటుంది, హాకీ మ్యాచ్ ముందు కూడా వినిపిస్తుంది. వినీ వినీ చెవులకి అలవాటైపోతుంది. నేను కూడా అది ఇక్కడి పద్ధతి కాబోలు అనుకుని ఊరుకున్నాను, మా మొదటి మీటింగ్ దాకా.

ఆ మీటింగ్ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. చిన్న గది, గుండ్రటి బల్ల, బాబు కోసం కింద చాప, చాప మీద చెక్క దిమ్మెలు. వర్కర్ లాప్‌టాప్ తెరిచి, దాన్ని తన ముందు పెట్టుకోకుండా, స్క్రీన్ మా ఇద్దరికీ కనిపించేలా పక్కకి తిప్పింది. "నేను ఏం టైప్ చేస్తున్నానో మీరు చదువుతూ ఉండండి, తప్పు అనిపిస్తే అక్కడే ఆపండి" అంది. బాబు రాత్రిళ్ళు సరిగా పడుకోడని, నాకు కోపం వస్తుందని, ఒకసారి గట్టిగా అరిచేశానని చెప్పాను. ఆవిడ "తల్లి కోపం అదుపు చేసుకోలేకపోతోంది" అని రాయలేదు. "తల్లికి ఆరు నెలలుగా వరసగా నాలుగు గంటల నిద్ర కూడా లేదు, అలిసిపోయి ఉంది" అని రాసి, "ఇలా ఉంటే సరేనా?" అని అడిగింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా డాక్టర్ల దగ్గర, ఆఫీసుల దగ్గర మా గురించి ఎంతమంది ఏమేం రాసుకున్నారో ఒక్క ముక్క కూడా మాకు తెలీదు.

మీరు అందరికీ ఇలాగే చేస్తారా అని అడిగితే, అవును, ఇది మా రికన్సిలియేషన్ ప్లాన్‌లో ఒక భాగం అంది. నాకు సంబంధం అర్థం కాలేదు. ఫైల్ రాయడానికీ గోడ మీద ప్రకటనకీ ఏమిటి సంబంధం? ఆవిడ నెమ్మదిగా చెప్పింది. ఈ దేశంలో ఎన్నో ఆదివాసీ కుటుంబాల్లోంచి పిల్లల్ని తీసుకెళ్ళిపోయింది ఇలాంటి ఫైళ్ళ వల్లే, ఎవరో వర్కర్ ఇంటికి వస్తారు, చూస్తారు, ఏదో రాసుకుని వెళ్తారు, ఆ రాసింది తల్లికి చూపించరు, తర్వాత ఒకరోజు బండి వస్తుంది, అని. అందుకని ఇక్కడికి వచ్చే ఆదివాసీ తల్లులనే కొన్నేళ్ళ కింద కూర్చోబెట్టి, మీకు ఇక్కడికి రావాలంటే ఏది భయం అని అడిగారట. అందరూ చెప్పిన మొదటి మాట, మీరు మా గురించి ఏం రాస్తున్నారో మాకు తెలీదు, అని. ఆ మాట పట్టుకుని నోట్స్ రాసే పద్ధతి అందరికీ మార్చేశారు.

అంటే నేను ఆ రోజు పొందిన మర్యాద నా కోసం పుట్టింది కాదు. వేరే తల్లుల భయంలోంచి పుట్టింది.

ఆ భయం ఎంత పాతదో తర్వాత తెలుసుకున్నాను. రెసిడెన్షియల్ స్కూళ్ళ గురించి సిటిజన్‌షిప్ పరీక్షకి చదివే పుస్తకంలో చూశాను కానీ అప్పుడు అది పరీక్ష కోసం చదివిన చదువు. వందేళ్ళకి పైగా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన ఆ హాస్టల్ బడుల్లోకి లక్షా యాభై వేల మందికి తగ్గకుండా పిల్లల్ని పంపారు. సొంత భాష మాట్లాడితే దండించారు. వేల మంది పిల్లలు తిరిగి రాలేదు. మా ఊరికి దక్షిణంగా కారులో గంట దూరంలో మస్క్వాచీస్ ఉంది, ఎర్మిన్‌స్కిన్ బడి ఉన్న చోటు, 2022 జులై 25న పోప్ ఫ్రాన్సిస్ వచ్చి క్షమాపణ అడిగింది అక్కడే. బడులు తగ్గుతున్న రోజుల్లో, 1950ల నుంచి 80ల దాకా, వెల్ఫేర్ వర్కర్లు పిల్లల్ని ఇళ్ళల్లోంచి తీసుకెళ్ళి వేరే కుటుంబాలకి దత్తు ఇచ్చేశారు, దాన్ని సిక్స్‌టీస్ స్కూప్ అంటారు, మా అల్బెర్టా రాష్ట్ర ప్రభుత్వం దానికి క్షమాపణ చెప్పింది 2018 మే 28న, అంటే నిన్నగాక మొన్న.

ఇదంతా అయిపోయిన కథ అనుకునేవాళ్ళకి ఒక లెక్క. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్లో ఆదివాసీ పిల్లలు 7.7 శాతం. ఫోస్టర్ కేర్‌లో, అంటే సొంత ఇంటికి దూరంగా వేరేవాళ్ళ ఇళ్ళల్లో పెరిగే పిల్లల్లో మాత్రం వాళ్ళు 53.8 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాక, మా ఇంటికి సపోర్ట్ వర్కర్ వస్తుందంటే నేను టీ పెట్టి ఎదురుచూస్తాను, అదే వర్కర్ వస్తుందంటే ఇంకో తల్లి ఫ్రిజ్‌లో ఏముందో, సింక్‌లో గిన్నెలు ఉన్నాయో చూసుకుని వణుకుతుంది, ఇద్దరి పిల్లలకీ ఉన్నది ఒకే ఆటిజం, కానీ తలుపు తట్టిన చప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు, అని నాకు మొదటిసారి తెలిసింది.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. గురువారం గ్రూప్‌లో నా పక్కన కూర్చునే ఒక క్రీ తల్లి ఉంది, క్రీ అంటే ఇక్కడి ఆదివాసీ జాతుల్లో ఒకటి. పేరు, ఊరు రాయను. ఆమె పాపకి కూడా మా బాబులాగే వాసనలు పడవు, అలా మాట కలిసింది. ఇక్కడికి రావడానికి ముందు మూడుసార్లు ఫోన్ చేసి మూడుసార్లూ పెట్టేశానంది. నాలుగోసారి ఫోన్ ఎత్తిన వర్కర్ ముందే చెప్పిందట, ఇంటికి రావడం తప్పనిసరి కాదు, మీరు ఎక్కడ కలుద్దామంటే అక్కడ కలుద్దాం, మీ వెంట మీ అమ్మగారినో అక్కనో తెచ్చుకోండి, అని. ఆ ఒక్క మాట కోసం వచ్చానంది. హోమ్ విజిట్ కుటుంబం పిలిస్తేనే అన్న రూల్ కూడా ఆ ప్లాన్‌లోదే. చట్ట ప్రకారం పిల్లలకి ప్రమాదం ఉంటే తప్పక చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకీ ఉంది, ఆ విషయం కూడా దాచకుండా మొదటి రోజే వివరంగా చెప్తారు. దాచకపోవడమే నాకు నచ్చింది.

ఇంకో మంచి పని, జోర్డాన్స్ ప్రిన్సిపుల్ అప్లికేషన్లకి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టారు. మన వాళ్ళల్లో చాలామందికి ఈ పేరు తెలీదు కాబట్టి ఆ నియమం ఎలా వచ్చిందో కాస్త చెప్తాను. మానిటోబాలో నార్వే హౌస్ క్రీ నేషన్‌కి చెందిన జోర్డాన్ రివర్ యాండర్సన్ అనే బాబు 1999లో చాలా ఆరోగ్య సమస్యలతో పుట్టాడు. రెండేళ్ళు దాటాక డాక్టర్లు ఇంటికి పంపొచ్చన్నారు. ఇంట్లో చేసే వైద్యానికి డబ్బులు ఎవరివ్వాలి, కేంద్రమా రాష్ట్రమా, అని రెండు ప్రభుత్వాలూ రెండేళ్ళకి పైగా వాదించుకున్నాయి. ఆ బాబు 2005లో, ఐదేళ్ళ వయసులో, ఆసుపత్రిలోనే చనిపోయాడు. సొంత ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చేతులు ఆడటం లేదు, మా వాడికి ఆసుపత్రి అంటే ఎంత భయమో నాకు తెలుసు కాబట్టి. అతని పేరుతోనే 2007 డిసెంబర్‌లో పార్లమెంటులో ఏకగ్రీవంగా తీర్మానం చేశారు, ఆదివాసీ బిడ్డకి అవసరం వస్తే ముందు సాయం చెయ్యండి, బిల్లు ఎవరిదో తర్వాత తేల్చుకోండి, అని. తీర్మానం చేసి ఊరుకున్నారు. ఆదివాసీ పిల్లల హక్కుల కోసం సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, ఆదివాసీ జాతుల జాతీయ సంఘం అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి వేసిన కేసులో 2016 జనవరిలో మానవ హక్కుల ట్రైబ్యునల్ తీర్పు ఇచ్చి, మీరు ఈ పిల్లల మీద వివక్ష చూపిస్తున్నారని గట్టిగా చెప్తే తప్ప పని కదల్లేదు.

నా బాధ వెయిటింగ్ లిస్ట్. ఐదు నెలలకే నేను ఎంత విసిగిపోయానో. నా పక్కన కూర్చున్న తల్లికి ఆ లిస్ట్ ఉంది, దానికి తోడు ఏ ప్రభుత్వం డబ్బు కట్టాలన్న ఇంకో తగవూ ఉంది. ఈ సంస్థ ఆ కాగితాల బరువు తన నెత్తిన వేసుకుంటుంది. డాక్టర్ ఉత్తరం తెప్పించడం, ఫోన్‌లో గంటలు గంటలు హోల్డ్‌లో ఉండటం, తిరస్కరిస్తే మళ్ళీ అప్పీల్ పెట్టడం, అన్నీ వాళ్ళే. గోడ మీద రాసిన మాటకి అసలు పరీక్ష ఇక్కడ. ఈ పనికి ఫోటోలు ఉండవు, సెప్టెంబర్ 30న పెట్టుకోవడానికి పోస్టరూ ఉండదు.

సెప్టెంబర్ 30 అంటే ఆరెంజ్ షర్ట్ డే, 2021 నుంచి ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ జాతీయ దినం కూడా. ఆరేళ్ళ వయసులో ఒక పాపకి అమ్మమ్మ కొనిచ్చిన కొత్త నారింజ రంగు చొక్కాని బడిలో మొదటి రోజే లాగేసుకున్నారు, ఆ పాప పెద్దయ్యాక, ఫిలిస్ వెబ్‌స్టాడ్, ఆ సంగతి అందరి ముందూ చెప్పింది, అలా మొదలైంది ఆ రోజు. కొత్త చొక్కా వేసుకుని బడికెళ్ళాలని ఏ పిల్లకి ఉండదు? మా సంస్థ ఆ రోజు చొక్కాలు పంచి ఊరుకోలేదు. మధ్యాహ్నం నుంచి పిల్లలతో సహా అందరం కూర్చున్నాం. మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడారు. మాట్లాడమని ఎవర్నీ బలవంతపెట్టలేదు, ఆ క్రీ తల్లి ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆమెని ఎవరూ అడగనూ లేదు. ఇది చాలా పెద్ద విషయం, వేరే చోట నేను చూశాను, గదిలో ఉన్న ఒక్క ఆదివాసీ మనిషి వైపు అందరూ తిరిగి మీ అనుభవం చెప్పండి అంటారు, పాపం ఆ మనిషి ముఖం చూడలేం.

గ్రూప్‌లో ఒక పెద్దావిడ ఉంటుంది. సంస్థ పెట్టుకున్న ఎల్డర్, అంటే ఆదివాసీ సంప్రదాయాలు తెలిసిన పెద్ద. అందరూ కోకుమ్ అంటారు, క్రీ భాషలో అమ్మమ్మ, నాయనమ్మ అని. నన్ను "అమ్మాయ్" అనే అర్థం వచ్చేలా పిలుస్తుంది, మా మేనత్త పిలిచినట్టే ఉంటుంది. గ్రూప్ మొదలయ్యే ముందు ఆవిడ స్మడ్జ్ చేస్తుంది, ఒక పెద్ద ఆల్చిప్పలో ఎండిన సేజ్ ఆకులు పెట్టి వెలిగించి, ఈకతో పొగని మెల్లిగా విసురుతుంది, కావలసినవాళ్ళు రెండు చేతులతో ఆ పొగని తల మీదికి, కళ్ళ మీదికి, గుండె మీదికి తీసుకుంటారు. మొదటిసారి మా అత్తయ్య వచ్చి చూసి, "మన సాంబ్రాణిలాగే ఉందే" అంది. నాకూ అలాగే అనిపించింది. కానీ మనకి సాంబ్రాణి వేసుకోవద్దని ఎవరూ చట్టం చెయ్యలేదు. వాళ్ళ పూజలు, నాట్యాలు చాలావాటిని ఇండియన్ యాక్ట్ అనే చట్టం (ఇక్కడ ఇండియన్ అంటే ఆదివాసీ) 1951 దాకా నేరం చేసి పెట్టింది. ఆ మాట చెప్పాక అత్తయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మా బాబుకి వాసనలు పడవు కదా, అదే నా టెన్షన్. ముందు రోజే వర్కర్ ఫోన్ చేసి, రేపు పదింటికి స్మడ్జ్ ఉంటుంది, అరగంట, గాలి బయటికి పోయే ఫ్యాన్ వేస్తాం, మీ బాబుకి పక్క గది సిద్ధం చేశాం, అని చెప్పింది. తలుపు మీద కూడా టైమ్ రాసి పెట్టారు. బాబు పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అద్దంలోంచి ఆ పొగ పైకి లేవడం చూస్తూ నిలబడ్డాడు. వాడి అవసరమూ తగ్గలేదు, ఆవిడ ఆచారమూ ఆగలేదు. రెండిట్లో ఒకటే కుదురుతుందని చెప్పే చోట్లు చూసి ఉన్నాను కాబట్టి దీని విలువ నాకు తెలుసు.

ఇక భూమి సంగతి. మేం ఉండేది మిల్‌వుడ్స్. ఎడ్మంటన్‌లో మన వాళ్ళు, పంజాబీలు, ఇంకా ఎన్నో దేశాల వాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. ఈ సంస్థ కొత్త కుటుంబాలకి ఏడాదికి రెండుసార్లు ఒక శనివారం పూట క్లాస్ పెడుతుంది, అందులో ఒక మ్యాప్ చూపించారు. 1877లో పాపాస్చేస్ అనే నాయకుడు ట్రీటీ 6లో సంతకం చేసి చేరాడు. ఆయన వాళ్ళకి నగరానికి దక్షిణాన దాదాపు 40 చదరపు మైళ్ళ రిజర్వ్, అంటే వాళ్ళకని కేటాయించిన భూమి, కొలిచి ఇచ్చారు. 1888లో ముగ్గురంటే ముగ్గురి సంతకాలు తీసుకుని మొత్తం భూమిని వదులుకున్నట్టు రాయించుకున్నారు. వాళ్ళ వారసులు కోర్టుకి వెళ్తే 2008లో సుప్రీంకోర్టు, కేసు వేయాల్సిన గడువు దాటిపోయింది అంది. మిల్‌వుడ్స్ చాలావరకు ఆ భూమి మీదే ఉంది. మా ఇల్లు, బాబు బడి, మేం కూరగాయలు కొనుక్కునే షాపు.

ఆ మ్యాప్ ముందు నేనూ మా ఆయనా నిలబడి మా వీధి వెతుక్కున్నాం. మన దగ్గర భూమి పోవడం అంటే ఏమిటో తెలియని ఇల్లు ఉండదు, ఏదో ఒక ప్రాజెక్టు కిందో, అప్పు కిందో, ఎవరో సంతకం పెట్టించుకుంటేనో పోయిన పొలం గురించి ప్రతి ఇంట్లో ఒక తాత చెప్తాడు. కాబట్టి ముగ్గురి సంతకాలు అన్న మాట నాకు చరిత్ర పాఠంలా వినిపించలేదు.

అదే క్లాస్‌లో మందుల పెట్టె గురించి చెప్పారు. ట్రీటీ 6లో క్రీ పెద్దలు పట్టుబట్టి రాయించిన షరతు ఒకటుంది, ప్రతి ఇండియన్ ఏజెంట్ (ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఇంట్లో ఈ ప్రజల కోసం ఒక మందుల పెట్టె ఉంచాలి, అని. 1870లో మశూచి వచ్చి వాళ్ళల్లో ఎంతోమందిని తీసుకుపోయింది, దాన్ని కళ్ళారా చూసిన వాళ్ళు 1876లో చర్చలకి కూర్చున్నారు. ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పటికీ వాళ్ళు వైద్యం మీద తమ హక్కుగా చూస్తారు. ఒక సపోర్ట్ సంస్థ తన కట్టుబాటు గురించి చెప్పేటప్పుడు ఈ మందుల పెట్టెతో మొదలుపెట్టడం నాకు చాలా సరైన పని అనిపించింది, ఎందుకంటే అప్పుడు సాయం అన్నది దయ కింద రాదు, ఇచ్చిన మాట కింద వస్తుంది.

మేం పోయిన ఏడాది సిటిజన్‌షిప్ ప్రమాణం చేశాం. అందులో ఫస్ట్ నేషన్స్, ఇన్యూయిట్, మెటీ అనే మూడు ఆదివాసీ వర్గాల ప్రజల ఒప్పంద హక్కుల్ని గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తాను అని పలికాం. ఆ మాటలు 2021లో కలిపారు. రెసిడెన్షియల్ స్కూళ్ళ మీద విచారణ జరిపిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ 2015లో ఇచ్చిన 94 సిఫార్సుల్లో చివరి రెండూ కొత్తగా వచ్చే మన లాంటి వాళ్ళ గురించే, ఒకటి మనకి ఇచ్చే సమాచారంలో ఈ చరిత్ర ఉండాలని, ఇంకోటి ఈ ప్రమాణం గురించి. నేను ఆ మాటలు గట్టిగానే పలికాను, కానీ అర్థం మాత్రం ఈ శనివారం క్లాస్‌లోనే తెలిసింది.

రికన్సిలియేషన్‌కి తెలుగులో ఏమనాలో చాలా ఆలోచించాను. సయోధ్య అంటారు పేపర్లలో. రాజీ అంటే అసలు కుదరదు, రాజీలో ఇద్దరూ కొంచెం కొంచెం వదులుకుంటారు, ఇక్కడ ఒక పక్క వాళ్ళు ఇప్పటికే అన్నీ పోగొట్టుకున్నారు. తప్పు దిద్దుకోవడం అంటే దగ్గరగా ఉంది. కోకుమ్‌ని అడిగితే వాహ్కోతోవిన్ అనే క్రీ మాట చెప్పింది, చుట్టరికం అని అర్థమట, మనుషులతోనే కాదు, నేలతో, నీళ్ళతో కూడా ఉండే చుట్టరికం, దానితో పాటు వచ్చే బాధ్యత. చుట్టరికం అన్నాక రాకపోకలు ఉండాలి కదా అంది.

ఇప్పుడు లోపాలు. ఇవి చెప్పకపోతే నా రివ్యూకి అర్థం లేదు.

మొదటిది, పెద్దది. కోకుమ్‌ది పర్మినెంట్ ఉద్యోగం కాదు. ఫండింగ్ ఏడాది మార్చి 31తో ముగుస్తుంది, ఈ ఏడాది కొత్త గ్రాంట్ ఆలస్యమైంది, ఆవిడ పని ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడకి చెప్పింది చివరి వారంలో. మూడు నెలలు గురువారం గ్రూప్‌లో ఆ కుర్చీ ఖాళీ. ఆ మూడు నెలల్లో ఆ క్రీ తల్లి రెండుసార్లే వచ్చింది. వాళ్ళ ప్లాన్‌లో దీర్ఘకాల సంబంధాలు అని రాసి ఉంది, నేను చదివాను. అకౌంటెంట్ ఉద్యోగం మార్చి 31న ఆగదు, రిసెప్షన్ ఉద్యోగం ఆగదు, ఎల్డర్ ఉద్యోగం ఆగింది. ఏది మూల బడ్జెట్‌లో ఉంది, ఏది గ్రాంట్ మీద ఉంది అని చూస్తే సంస్థ మనసులో ఏది ముఖ్యమో తెలిసిపోతుంది, నాకు అక్కడ చాలా బాధ కలిగింది.

రెండోది, వాలంటీర్ల ట్రైనింగ్. ఉద్యోగులకి రెండు రోజులు పెడతారు, వాలంటీర్లకి మాత్రం ఆన్‌లైన్‌లో రెండు గంటల వీడియోలు, చివర పది ప్రశ్నలు. పిల్లలతో ఎక్కువ సేపు గడిపేది వాలంటీర్లే. ఒక వాలంటీర్ నా ముందే ఆ క్రీ తల్లి పాప జడ పట్టుకుని ఎంత బాగుందో అని నిమిరింది. ప్రేమతోనే చేసింది, కాదనను. కానీ రెసిడెన్షియల్ స్కూళ్ళల్లో పిల్లల్ని చేర్చుకోగానే మొదట కత్తిరించింది ఆ జడలనే. ఆ తల్లి ముఖం మారిపోయింది. నేను వర్కర్‌కి చెప్తే వెంటనే మాట్లాడారు, అది ఒప్పుకుంటాను, కానీ ముందే నేర్పించి ఉండాల్సింది.

మూడోది చిన్నదే. వాళ్ళ కరపత్రాలన్నీ ఆరేడు భాషల్లో ఉన్నాయి, రెస్పైట్ (పిల్లల్ని కాసేపు చూసుకోవడానికి మనిషిని పంపడం) గురించి, అప్లికేషన్ల గురించి. రికన్సిలియేషన్ ప్లాన్ మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉంది. కొత్తగా వచ్చిన వాళ్ళకి ఇది అవసరం లేదని ఎవరో అనుకున్నట్టుంది. మా అత్తయ్య లాంటి వాళ్ళకి నేను నోటితో చెప్పాల్సి వచ్చింది. తెలుగులో రాసిపెడతానన్నాను, సరే అన్నారు, కోకుమ్ చదివి ఒప్పుకున్నాకే అచ్చు వేద్దాం అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది.

ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. పిల్లల విషయంలో సాయం కోసం చూస్తున్న మన వాళ్ళు ఇలాంటి ఏ సంస్థకి ఫోన్ చేసినా మూడు సంగతులు అడగండి. మా గురించి రాసే నోట్స్ మాకు చూపిస్తారా? ఇంటికి రావడం తప్పనిసరా? మీ ఎల్డర్ జీతం ఎక్కడి నుంచి వస్తుంది? మూడో ప్రశ్నకి అవతల కాసేపు మాట రాదు, ఫర్వాలేదు, ఆగండి.

ఆ ఖాళీ కుర్చీ గురించి నేనూ, ఇంకో నలుగురు తల్లులూ కలిసి బోర్డుకి ఉత్తరం రాశాం. ముందు ఆ క్రీ తల్లినీ, కోకుమ్‌నీ అడిగి, వాళ్ళు సరే అన్నాకే పంపాం. జులైలో కోకుమ్ తిరిగి వచ్చింది. ఈసారి రెండేళ్ళ కాంట్రాక్ట్ అని, ఆ తర్వాత ఆ జీతాన్ని మూల బడ్జెట్‌లోకి మారుస్తామని జవాబులో రాశారు. ఆ ఉత్తరం నా దగ్గర జాగ్రత్తగా ఉంది. వచ్చే మార్చి 31 దాటాక కుర్చీలో ఎవరున్నారో చూసి ఇక్కడే కింద ఇంకో లైను కలుపుతాను.